మోతీకి సగం రొట్టె

భిలాయి

వదినకు, నీ ఆడపడుచు పైడమ్మ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వు, అన్నయ్య, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అమ్మ పోయి రెండేళ్లు. ఈ రెండేళ్లలో నేను రాసినవన్నీ అన్నయ్య పేరు మీదే రాశాను. ఈ ఉత్తరం నీకు. నీకు చదువు రాదు కాబట్టి అన్నయ్యే చదివి వినిపిస్తాడు. మధ్యలో ఆపితే ఊరుకోకు, చివరిదాకా చదవమను.

ఎండలు ముదిరాయి. ఉక్కు ప్లాంటు వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము ఆరేసిన బట్టల మీద పడుతోంది. మా ఆయనకు రోలింగు మిల్లులోనే పని. చలికాలం నుంచి మా అత్త కూడా మా దగ్గరే ఉంది. మా క్వార్టర్ల వరసలో సగం మంది మనవైపు వాళ్లే, బొబ్బిలి, పార్వతీపురం వాళ్లు. అయినా నాతో మాట్లాడేవాళ్లు లేరు. దానికి కారణం ఒక కుక్క.

చివరి క్వార్టరులో ఉండే పంజాబీ ఆయన రిటైరై వెళ్లిపోతూ దాన్ని వదిలేశాడు. ఆడకుక్క, పేరు మోతీ. అది వెళ్లి మార్కెట్లో మిఠాయి కొట్టు ముందు చేరింది. వచ్చేపోయేవాళ్లు జాలిపడి జిలేబీలు, కచోరీలు వేసేవారు. పొట్ట నేలకు రాసుకునేంత ఒళ్లు చేసింది. ఒకరోజు మురుగుకాలవలో పడి లేవలేకపోతే మా ఆయనా, ఇంకో ఇద్దరూ పైకి లాగి, రిక్షాలో మా ఇంటికి తెచ్చారు. దుర్గ్ పశువుల ఆసుపత్రిలో డాక్టరు చూసి, "గర్మీ నహీ నికాలేగీ" అన్నాడు. ఈ ఎండాకాలం దాటదని. తిండి మెల్లమెల్లగా సగానికి తెచ్చి, రోజూ నడిపించమన్నాడు.

ఆ పని నా మీద పడింది. పూటకు సగం రొట్టె, ఉడికించిన ఆనపకాయ ముక్కలు, పలచటి మజ్జిగ. డాల్డా చుక్క లేదు. మొదట్లో నాలుగిళ్ల దూరం నడిచి కూలబడేది. అది లేచేదాకా నేనూ ఎండలో నిలబడేదాన్ని. అప్పుడప్పుడు రిక్షాలో కోహ్కా బజారుకు తీసుకెళ్లి, మనవాళ్ల బియ్యం కొట్టులో బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టేదాన్ని. "ఏటమ్మా, అమ్ముతావేటి? కిలో ఎంత?" అని కొట్టాయన నవ్వేవాడు.

మా అత్తకు ఇది నచ్చలేదు. "నోరు లేని జీవి. తిండెట్టకుండా సంపేస్తావేటే?" అని గుమ్మంలో కూర్చుని పదిమందికీ వినబడేలా అనేది. కుళాయి దగ్గర పక్కింటి సరోజమ్మ నా ముందే అంది, "కుక్క కడుపే మాడుస్తంది. ఇంక అత్తకేటి పెడతందో." ఉన్న ఐదారుగురిలో ఒక్కరూ కాదనలేదు. మా ఆయనతో చెబితే, "ఒగ్గీ. ఆళ్లలాగే అంటారు" అని సైకిలెక్కి డ్యూటీకి పోయాడు. అప్పటి నుంచి అందరూ వెళ్లాకే నీళ్లకు వెళ్తున్నాను.

రెండు నెలలైనా మోతీ బరువు తగ్గలేదు. ఆ సగం రొట్టెలో కూడా కోత పెట్టాలా అనుకున్నాను. మూడు వారాల కిందట అత్త మంచం కింద ఊడుస్తుంటే చీపురుకు మిఠాయి డబ్బా తగిలింది. మూత మీద హిందీ అక్షరాలు. లోపల బాలూషాహీ పొడి. మోతీ వచ్చి నా చేతిలోని డబ్బానే నాకింది. అత్త చూసింది. "దానికాకలి. నువ్వెట్టవు, నానెట్టాను" అంది.

అలాంటి డబ్బాలు నీకూ దొరికే ఉంటాయి వదినా, అమ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున.

అమ్మకు షుగరని తేలాక నువ్వు బెల్లానికి తాళం వేశావు. అన్నం గిన్నెతో కొలిచి పెట్టావు. నేను వచ్చినప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ వదిన నా నోరు కట్టేసినాది" అని ఏడ్చింది. వచ్చిన రెండుసార్లూ ఇక్కడి నుంచి మిఠాయి తెచ్చి ఆ పెట్టెలో దాచింది నేను. రెండోసారికి అమ్మ కాలిపుండు మానడం లేదు. అది చూసి కూడా దాచాను. పెద్దకర్మ నాడు వీధిలో నిలబడి, "మా అమ్మను తిండి పెట్టక చంపేసింది" అని అరిచిందీ నేనే. అన్నయ్య నా మాటే నమ్మాడు. అమ్మ పెట్టె సర్దింది నువ్వు. మన ఊరికి హిందీ అక్షరాల డబ్బా తెచ్చేది ఎవరో చదువు రాకపోయినా నీకు తెలుస్తుంది. అయినా నువ్వు నోరు విప్పలేదు.

ఆ రోజు నుంచి అత్త డబ్బాలు తేవడం మానేసింది. మోతీ తగ్గుతోంది. గుమ్మం మెట్లు తనే ఎక్కుతోంది. ఎక్కి, వెళ్లి అత్త మంచం కింద పడుకుంటుంది. నేను పిలిస్తే గిన్నె వైపు చూస్తుంది కానీ నా దగ్గరకు రాదు. ఈ ఎండాకాలం దాటుతుందనే అనుకుంటున్నాను.

పెద్దమ్మకు, మావయ్యకు నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు దీవెనలు. ఇటువైపు ఎవరైనా వస్తుంటే కాస్త చోడిపిండి పంపు, ఇక్కడ రాగులు దొరకడం లేదు. నన్ను క్షమించమని రాయడానికి ముఖం చెల్లడం లేదు.

అన్నయ్యా, ఇది నీకు. అమ్మ పెట్టె గురించి రాసిన ముక్క ఇంకోసారి చదువు. అరుగు మీదకు వచ్చి, ఆ రోజు నేను అరిచినంత గట్టిగా చదువు.

పైడమ్మ