రెండో గిన్నె

మద్యం అనుమతుల అధికారి శ్రీ తక్ సంగ్-మిన్ గారి సముఖమునకు,
నామ్వోన్ పట్టణం, రైలు గేటు వీధి కాపురస్తుడు, రిటైరైన బస్సు డ్రైవరు ప్యో ఇల్-గ్వాన్ వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: ఇంట పులియబెట్టు బియ్యపు కల్లు మక్కొల్లిని అంగడి పెట్టి అమ్ముటకు నేను పెట్టుకున్న దరఖాస్తును ఉంచవలెనో, ఉపసంహరించవలెనో తేల్చుకొనుటకు గడువును, ఒక చిన్న నిజమును కోరుట గురించి.

1. నేను రిటైరైన నాటి నుండి ఇంటి వెనుక గదిలో బియ్యము ఆవిరిపై ఉడికించి, పులుపెక్కుటకు గోధుమ నురుక్ బిళ్ళలు పొడిచేసి కలిపి, జాడీలలో మక్కొల్లి పులియబెట్టుచున్నాను. నేటి వరకు ఒక్క చుక్క అమ్మి ఎరుగను. ప్రతి శనివారము నాతో కొండ ఎక్కి దిగు మిత్రులు జాంగ్-సు, బ్యోంగ్-హక్ మా ఇంట చతికిలబడి దానిని ఉచితముగా సేవించుచుండిరి. తడిపిన గోధుమ నూకను గుడ్డలో చుట్టి, అచ్చులో పెట్టి, నురుక్ బిళ్ళలుగా తొక్కునది కూడ వారే. ఉతికిన మేజోళ్ళు వేసుకుని, పాటలు పాడుకుంటూ తొక్కేవారు.

2. సదరు అంగడి ఆలోచన నాది కాదని మనవి. ఒక శనివారము జాంగ్-సు గిన్నె దించి, "అన్నా, దీన్ని జాడీలో దాచిపెట్టడం పాపం. అమ్మకానికి పెట్టు. జనం వీధి చివరిదాకా వరస కట్టకపోతే నా మీసం తీసేస్తా" అన్నాడు.

"నీకు మీసం ఎక్కడేడ్చిందిరా?" అన్నాడు బ్యోంగ్-హక్.

"అంగడి పెట్టాక పెంచుతాలే!"

నా భార్య బోక్-ర్యే వంటగదిలోంచి, "వీళ్ళ మాట పట్టుకుని దుకాణం పెడతావా? ఊరికే తాగేవాళ్ళు బాగాలేదంటారా ఎక్కడైనా?" అని అరిచినది. నా స్నేహితులను అంత మాట అంటావా అని నేనే ఆమెను కసిరితిని. ఆ వారమే మూతపడిన క్షౌరశాలను అద్దెకు తీసుకుని వెల్ల వేయించితిని.

3. తమరు తనిఖీకి విచ్చేసిన నాడు రెండు చేతులా గిన్నె అందించితిని. డ్యూటీలో ఉన్నారు గనుక తమరు నాలుక కొస మాత్రము తడుపుకున్నారు. తమరి ముఖములో నాకేమీ కనబడలేదు. పక్కనే నిలబడిన నా మిత్రులను, "మీరు వారంవారం తాగేవారేగా, ఎలా ఉంటుంది?" అని తమరు అడిగినారు. తరువాత జరిగినది తమరు స్వయముగా విన్నారు.

జాంగ్-సు నేల చూపులు చూస్తూ, "ఏం చెప్పమంటారు సార్. ఒకటే పులుపు. తాగితే మర్నాడు తల పగిలిపోద్ది" అన్నాడు. బ్యోంగ్-హక్ ఇంకో అడుగు ముందుకేసి, "ముసలాయన సరదా సార్. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని తాగుతాం" అన్నాడు.

తమరు, "ఇంకోసారి ఆలోచించుకోండి పెద్దాయనా" అని వెళ్ళిపోయినారు. గరిటె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

4. ఆ వచ్చే శనివారము నేను కొండకు పోలేదు. వాళ్ళిద్దరూ మాత్రం ఏమీ జరగనట్టు ముల్లంగి కిమ్చి పచ్చడి డబ్బా పట్టుకుని నా గుమ్మంలో దిగారు.

"కోపమా అన్నా?" అన్నాడు జాంగ్-సు. "నువ్వు అంగడి పెడితే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటావు. మేము బల్ల దగ్గర డబ్బులిచ్చి తాగాలా? మన శనివారాలు ఏం కావాలి?"

"మరి రుచి సంగతేంట్రా?"

"రుచికేం అన్నా, అమృతం!" అంటూ గిన్నె కోసం చెయ్యి చాపాడు.

"ఆ ముక్క ఆ అధికారి ముందెందుకు అనలేదురా?"

బ్యోంగ్-హక్ డబ్బాను మెట్టు మీద దించాడు. నేను తలుపు వేసుకున్నాను. కిమ్చి డబ్బా మెట్టు మీదే ఉండిపోతే, సాయంత్రం బోక్-ర్యే లోపలికి తెచ్చింది.

5. అయ్యా, అనుమతి రాదేమోనని కాదు నా ఏడుపు. వాళ్ళు ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పారా, ఆ ఒక్కరోజే చెప్పారా? ఇన్నేళ్ళూ చెప్పి ఉంటే నా మక్కొల్లి పోయింది. ఆ రోజే చెప్పి ఉంటే నా స్నేహితులు పోయారు. నేనే రుచి చూసుకుందామంటే, పొద్దున పుల్లగా ఉన్నది సాయంత్రం తియ్యగా ఉంటోంది. నా నాలుకను కూడా నేను నమ్మలేకపోతున్నాను. అరలో నురుక్ బిళ్ళల మీద వాళ్ళ మడమల గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటిని పొడి చెయ్యడానికి చేతులు రావడం లేదు. ఇది అర్జీలో వ్రాయదగిన సంగతి కాదని నాకు తెలియును.

6. కావున, చివరి జాడీ పక్వానికి వచ్చు వరకు గడువు దయచేయించి, ఆనాడు తమరి నాలుక కొసకు ఏమి తెలిసినదో సెలవియ్యవలసినదిగాను, ఈ ముసలివాని గోడు విసుక్కొనక చిత్తగించవలెననియు ప్రార్థన.

ఇంకను దరఖాస్తు వెనక్కి తీసుకొనని,
తమ విధేయుడు,
ప్యో ఇల్-గ్వాన్

తా.క.: జాడీ ఈ శనివారం వడగడతాను. బోక్-ర్యే తాగదు. ఎవరి గిన్నె వాళ్ళు నింపుకోవడం మన అలవాటు కాదు గదా, ఒక్కణ్ణీ కూర్చుంటే నాకు పోసే చెయ్యి లేదు. ఆఫీసు అయ్యాక, మెడలో కార్డు తీసేసి ఒకసారి రండి. లంచమనుకుంటారేమో, నంజుకునేది మీరే తెచ్చుకోండి. మెచ్చుకోవద్దు, మెచ్చుకోళ్ళు చాలా విన్నాను. మొదటి గిన్నె మర్యాదకి ఎవరైనా తాగుతారు. రెండోసారి గిన్నె చాపుతారో లేదో చూసి అంగడి సంగతి నేనే తేల్చుకుంటాను. చాపకపోయినా ఫరవాలేదు. వెళ్ళేముందు నా గిన్నె ఒకసారి నింపి వెళ్ళండి.