ముందు రాసిన పేరు

టార్నీట్, మెల్‌బోర్న్

అక్కకి,

తమ్ముడు ప్రసాద్ నమస్కారాలు. నువ్వూ బావా పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఒంటికి ఏ లోటూ లేదు, వేళకి తింటున్నాను. అమ్మ అడిగితే ఆ మాటే చెప్పు. మిగతాది నీకు మాత్రమే.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున ఆరింటికి గోదాములో పెట్టెలు ఎత్తుతుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మా మేనేజరు అందరినీ "అమీగో" అంటాడు. అంటే స్నేహితుడని. స్పానిష్ మాటే అయినా ఇక్కడి ఇంగ్లీషులో అందరి నోటా నలుగుతుంది. నాతోపాటే గోదాములో పనిచేస్తూ నా గదిలో ఉండే మతేయోది కొలంబియా, ఆ మాట వాళ్ళది. ఊరికే అలా విసిరేస్తారని అతనికి నవ్వు. "మా ఊళ్ళో ముందు కలిసి తినాలి, తర్వాతే ఆ మాట," అనేవాడు. నేను పులిహోర కలిపిన రోజు నన్ను అమీగో అన్నాడు. నేను ఊళ్ళో పంచిన కరపత్రాల్లోని కామ్రేడ్ అన్న మాట కూడా ఇంగ్లీషులోకి వాళ్ళ భాష నుంచే పోయిందట. ఒకే గదిలో పడుకునేవాళ్ళని అర్థమట. ఆ పూట నా సంతోషం నువ్వు చూడాల్సింది.

పనికి విరామం పావుగంటే ఇస్తున్నారని నాకు ఒళ్ళు మండింది. "మేం యంత్రాలం కాము" అంటూ అర్జీ రాశాను. మన ఊళ్ళో అర్జీ రాస్తే పెద్దవాళ్ళ పేరు ముందు పెడతాం కదా! అదే గౌరవమనుకుని, మాలో పెద్దవాడైన మతేయో పేరు మొదట, మిగతావాళ్ళవి కింద రాశాను. రాసింది నేనే కదా అని అతను చదవకుండానే సంతకం చేశాడు. కంపెనీవాళ్ళు మొదటి పేరుగలవాడే నాయకుడనుకున్నారు. ఇక్కడ ఏ రోజుకారోజు కబురొస్తేనే పని. మర్నాటి నుంచి అతనికి పనికి రమ్మని కబురు రాలేదు. మాకందరికీ వస్తూనే ఉంది.

ఊగిపోతూ వెళ్ళి, రాసింది నేను, తీసేస్తే నన్ను తీసెయ్యండన్నాను. మేనేజరు నా భుజం తట్టి, "నో వరీస్, అమీగో," అన్నాడు. అంతే.

మూడు వారాలు చూసి మతేయో ఇక్కడికి ఉత్తరాన ఉన్న పళ్ళతోటల్లో పనికి బయలుదేరాడు. స్టేషన్ దాకా సంచి నేనే మోశాను. తిట్టినా బాగుండేది. రైలొచ్చాక, "నువ్వు మంచివాడివి ప్రసాద్. నా పేరు రాసేముందు ఒక్క మాట అడగాల్సింది," అన్నాడు.

ఏడాదిగా అమీగో అన్నవాడు మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచాడక్కా.

అటక మీది నా కరపత్రాల కట్ట పారెయ్యకు, తప్పు వాటిది కాదు. అమ్మకి, నాన్నకి, పెద్దమ్మకి నా దండాలు. నన్ను దీవించమనడానికి ముఖం చెల్లడం లేదు. దీవించేది ఏదైనా ఉంటే అతనికి పని దొరకాలని దీవించు.

నీ తమ్ముడు
ప్రసాద్