ఏడో హోల్‌కు ముందు కోత

అరిజోనా రాష్ట్రం, క్వయిల్ మెసా విశ్రాంత నివాస కాలనీలో, గోల్ఫ్ కోర్సు ఏడో హోల్ వెనక ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషుడు ఆరిన్ వోస్కిల్ భార్య, ఎనభై ఆరేళ్ల మార్డెల్ వోస్కిల్ అనే నేను వ్రాసి ఇస్తున్న వీలునామా. నా మోకాళ్లు చెడ్డాయి గాని బుద్ధి చెడలేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఆశపెట్టలేదు. ఇంతకు మునుపు నేను రాసిన ఇలాంటి కాగితాలేవైనా ఉంటే అవి ఇక చెల్లవు. నా తదనంతరం నా ఆస్తి, వస్తువులు ఈ కింది విధంగా చెందాలి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా ఆడపడుచు కూతురు థియా లోమన్‌ది. ఇల్లు కూడా సర్వహక్కులతో ఆమెకే. వెనక కిటికీ అద్దం బంతి తగిలి పదకొండుసార్లు పగిలింది. థియా, ప్రతిసారీ కోర్సు కమిటీ మీదికి వెళ్లకు. కోర్సు పక్కన ఇల్లు తీసుకుని బంతులు వస్తున్నాయనడం ఏట్లో దిగి తడిశానన్నట్టు ఉంటుంది.

2. నా బ్యాటరీ బండి, ఆరిన్ పొడుగు కర్ర పార, ఈ కోర్సును పంతొమ్మిదేళ్లుగా చూసుకుంటున్న సూపరింటెండెంటు యుసేబియో బరాగన్‌కు చెందాలి. ఎందుకని రేపు ఎవరూ అడగకుండా ఇక్కడే రాస్తున్నాను.

ఆరిన్ అయోవాలో ముప్ఫై ఒక్క ఏళ్లు రోడ్ల శాఖలో గోతులు పూడ్చాడు. ఇక్కడికి వచ్చిన తొమ్మిదో ఏట అతనికి మతిమరుపు జబ్బు పట్టుకుంది. నా పేరు మరిచిపోయాడు, పని మరవలేదు. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే పక్క మీద లేడు. పైజమాతో ఏడో హోల్ పచ్చిక మీద కూర్చుని, ఆటగాళ్ల కర్రలు తవ్వేసిన గుంటల్లోకి నా పంచదార డబ్బా ఒంపుతున్నాడు. గడ్డి కోత యంత్రం అతనికి పది అడుగుల దూరంలో ఆగి ఉంది.

అప్పుడు కోర్సు నిర్వహణ కమిటీ అధ్యక్షురాలిని నేనే. కోత వేళ నివాసులెవరూ పచ్చిక మీద కాలు పెట్టరాదనీ, పెట్టనిచ్చిన ఉద్యోగిని తొలగించవచ్చనీ రూలు రాసిందీ నేనే. యుసేబియో ఆరిన్‌ను తన బండిలో ఇంటికి తెచ్చాడు. అతనికి నా మొహం చూపించలేకపోయాను. “మేడం, పంచదారైతే చీమలు పట్టేస్తాయి. రేపట్నుంచి ఇసకా గడ్డి విత్తనాలూ నేనిస్తాలెండి” అన్నాడు, అంతే.

పనివాళ్ల షెడ్డులో గోడకున్న నల్లబల్ల మీద పద్దెనిమిది హోల్స్‌కూ కోత వరస రాసి ఉంటుంది. మర్నాడు అందులో ఏడో నంబరు అన్నిటికంటే పైకి ఎక్కింది. ఆరింటికల్లా అక్కడ కోత అయిపోయేది. తొలి ఆటగాళ్లు అక్కడికి చేరేసరికి ఏడున్నర. ఆ మధ్య గంటన్నర ఆరిన్‌ది. యుసేబియో అతనికి పనివాళ్ల నారింజ రంగు చొక్కా తొడిగి, బకెట్టు చేతికిచ్చి, “పెద్దాయనా, ఈ రోడ్డు మీరే చూస్కోవాలి” అనేవాడు. ఆరిన్ ఇంటికొచ్చి రెండు గుడ్లు తిని హాయిగా నిద్రపోయేవాడు. అంతకు ముందు నెలల తరబడి అతనికి కంటి మీద కునుకు లేదు. నాకూ లేదు.

అయిదు నెలలు ఆ ఉపకారం పొందుతూ రూలు మాత్రం మార్చకుండా నోరు మూసుకున్నాను. అది నా పిరికితనం. వీధి చివర ఉండే డెల్మర్ హకబీ దుర్భిణిలో చూసి ఫిర్యాదు పెట్టాడు. యుసేబియోను తీసెయ్యాలని సభ పిలిచారు.

డెల్మర్ లేచి, “ఏమ్మా మార్డెల్, రూలు రాసింది నువ్వేగా? ఇప్పుడు చదవ్వేం?” అన్నాడు. చదివాను. చదివి, “తప్పు నాది. తెలిసే ఊరుకున్నా. తీసేస్తే నన్ను తీసెయ్యండి, యుసేబియో జోలికెళ్లకండి” అని కుర్చీ దిగాను. నిలబడే ఉన్న డెల్మర్, “అయితే ఏడోదాంట్లో నా బంతి గుంటలో ఇరుక్కోకపోవడం మీ ఆయన పుణ్యమా? మరి ఎనిమిదోది ఎవరు చూస్తారు?” అన్నాడు. ముందు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ.

యుసేబియో ఉద్యోగం నిలిచింది. సూపరింటెండెంటు అనుమతి ఉంటే నివాసులు పనిలో చేయి వేయవచ్చని రూలు మారింది. ఆరిన్ మంచం పట్టేదాకా, మరో రెండేళ్ల నాలుగు నెలలు, గుంటలు పూడ్చాడు. అన్ని ఉదయాలు నా మొగుణ్ణి నాకు మిగిల్చినవాడికి ఒక బండి, ఒక పార ఏ మూలకు? తెలిసే ఇస్తున్నాను.

3. నా తర్వాత అధ్యక్షుడైన డెల్మర్ హకబీకి, కుర్చీ పోయిన ఉక్రోషంతో నేను ఇంటికి పట్టుకొచ్చిన, సభల్లో కొట్టే కమిటీ గంట. అది ఎక్కడ పోయిందో తెలియదని ఆరేళ్లు అబద్ధమాడాను. దానితోపాటు, నా పెరట్లో పడిన బంతుల్లో అతని పేరున్నవి నలభై. క్లబ్బు ముందు నా బంతిపూల మడి పీకించి రాళ్లు పరిపించినందుకు అతన్ని క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను. కానీ అతను అధ్యక్షుడిగా ఉన్నంత కాలం షెడ్డులోని నల్లబల్ల మీద ఏడో నంబరును ఒక్కనాడూ కిందికి దించలేదు. అందుకు రుణపడి ఉన్నాను.

4. నా బ్యాంకు నిల్వ మొత్తం పనివాళ్ల షెడ్డుకు పెద్ద కూలర్ పెట్టించడానికి వాడాలి. వాళ్లు రెండుసార్లు అడిగారు. అధ్యక్షురాలిగా రెండుసార్లూ కాదని, ఆ సొమ్ముతో బంతిపూలు నాటించాను. జూలైలో ఆ రేకుల కింద ఒక్క గంట కూర్చుని ఉంటే నాటించేదాన్ని కాదు.

5. నా చితాభస్మం పచ్చిక మీద ఎక్కడా చల్లరాదు. ఎంత ప్రేమగా చల్లినా అందులోని ఉప్పుకు గడ్డి మాడిపోతుంది, అది బాగుచేయడానికి పనివాళ్లకు నెల పడుతుంది. నన్ను ఆరిన్ పక్కన శ్మశానంలో పెట్టండి.

6. నా సంస్మరణ సభ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు జరపాలి. ఎండ అని సభ్యులు సణుగుతారు, సణగనివ్వండి. ఆరిన్‌కు నేను పదింటికి పెట్టించాను. అప్పుడు పనివాళ్లు యంత్రాల మీద ఉన్నారు. యుసేబియో ఒక్కడే వచ్చి, బూట్లకు మట్టి ఉందని లోపలికి రాకుండా గుమ్మం బయటే ఆసాంతం నిలబడ్డాడట. నాకు వారం తర్వాత తెలిసింది. పనివాళ్లు పని దిగేది ఒంటిగంటకు. మొదటి వరస కుర్చీలు వాళ్లకు వదలాలి. బూట్లు తుడుచుకోమని ఎవరూ అనకూడదు.

ఇది చదివి, సరిగా ఉందని చూసుకుని, సాక్షుల ఎదుట నా చేత్తో సంతకం చేశాను. 2024 అక్టోబరు 8, చలికాలపు గడ్డి విత్తనాలు చల్లడానికని కోర్సు మూసిన వారం.

(సంతకం) మార్డెల్ వోస్కిల్

సాక్షులు:
1. లూసిండా ప్రాథర్, పక్కింటి ఆమె
2. హోమర్ స్టానెక్, కాలనీ గ్రంథాలయం