చెట్టుతో చెప్పిన మాట

నర్సీపట్నం, ఆదివారం

అమ్మా, నేను బాగానే ఉన్నాను. మన ఊరికి ఫోను కలవడం లేదు, అందుకే ఈ కార్డు.

నిన్న మా నర్సింగ్ కాలేజీ వాళ్లు మమ్మల్ని కొండమీద అడవికి నడకకు తీసుకెళ్లారు. అక్కడి మానులు ఎంత పెద్దవంటే, ఐదుగురం చేతులు కలిపినా ఒక్కదాని చుట్టూ అందలేదు. పైనుంచి చూస్తే తూర్పున సముద్రం తెల్లగా మెరిసింది. అందరూ అటు తిరిగి ఫోటోలు తీసుకుంటుంటే, నేను మాత్రం పడమటికి, మన కొండల వైపు చూస్తూ నిలబడ్డాను. కాలు విరగక ముందు నాన్న తేనెకు చెట్టెక్కబోతూ, మానుమీద చెయ్యి వేసి "ఎక్కుతన్నాను తల్లీ, సూసుకో" అనేవాడు కదా. నేనూ అలాగే చెయ్యి వేసి ఆ మాటే అన్నాను. నా గదిలో ఉండే బేబి నవ్వి, "ఎవులితోటి మాటాడతన్నావే?" అంది. "మా నాన్నతో" అనబోయి ఏడ్చేశాను. అది మరి నవ్వలేదు. నా చెయ్యి పక్కనే తన చెయ్యీ పెట్టింది.

నాన్న కాలు ఎలా ఉంది? మంచానికే అలవాటు పడనీయకు, రోజూ వాకిట్లో నడిపించు. ఎర్రావు ఈనిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పసుపు పంపు.

దసరా సెలవులకు వస్తాను. నా కోసం రోడ్డు దాకా రావద్దని నాన్నతో చెప్పు. కాదు, రమ్మనే చెప్పు. ఎంత మెల్లగా వచ్చినా సరే, బస్సు దిగి అక్కడే కూర్చుని ఉంటాను.

అన్నకు, వదినకు నా దండాలు.

నీ కూతురు
ఈశ్వరి