జాకెట్టు ముక్కల బుట్టలో ముళ్ళపంది

సెంటినరీ కాలనీ,
ఆగస్టు 2006

అటవీ అధికారి లింగమూర్తి సారుకు, టైలర్ ఫక్రున్నీసా సలాములు.

నిన్న మా క్వార్టర్ వెనక మురికినీళ్ళ మోరీ దగ్గర ఒక ముళ్ళపంది దొరికింది. కాలికి నైలాన్ దారం బిగుసుకుని కోసుకుపోయింది. జాకెట్లు కత్తిరించే కత్తెరతోనే దారం తీసి, పుండు కడిగాను. దీన్ని పెంచుకోవచ్చా? చట్టం గురించి ఇక్కడ తలా ఒక మాట చెబుతున్నారు. మా ఆయన మక్సూద్ బొగ్గుబావి డ్యూటీ నుంచి వస్తూనే, "జల్ది సార్లకు చెప్పు, లేకుంటే ఇద్దరం జైలుకే" అన్నాడు. పక్కింటి సారవ్వేమో, "పందికి చట్టమేంది బిడ్డా?" అంది.

మీ జవాబు కోసం చూసే
ఫక్రున్నీసా

తా.క.: పేరులో పంది ఉందని మా అత్త మహెజబీన్ వంటింటి గడప దాటనివ్వడం లేదు. నన్ను కాదు, దాన్ని.

* * *

శ్రీమతి ఫక్రున్నీసా గారికి,

వన్యప్రాణిని ఇంట్లో పెంచుట నేరం. పైగా ముళ్ళపంది ప్రమాదకరమైనది. ముళ్ళు జానెడు పైనే ఉంటాయి. గదిలో పెట్టి బయట గొళ్ళెం వేయండి. ఎదురుగా నిలబడవద్దు. బోనుతో మనుషులను పంపుతున్నాం.

ఇట్లు,
లింగమూర్తి

తా.క.: గోడ తవ్వడం మొదలుపెడితే వెంటనే క్వార్టర్ ఖాళీ చేయగలరు.

* * *

లింగమూర్తి సారుకు సలాములు.

గొళ్ళెం వేయమన్నారు. దాన్ని పెట్టిన బుట్టకు గొళ్ళెం లేదు, మూత మీద కత్తెర పెట్టాను.

మీవాళ్ళు ట్రాక్టర్ మీద ఎద్దు పట్టేంత బోను తెచ్చారు. మా క్వార్టర్ల లైను లైనంతా చూడ్డానికి వచ్చింది. నేను మూత తీసి చూపించాను. జాకెట్టు ముక్కల మీద బత్తాయంత అయి ముడుచుకుని పడుకుంది. "పిల్ల కాదమ్మా, తల్లిని చూపెట్టు" అన్నారు. ఇది పెద్దదే, ఇంతే ఉంటుందన్నా వినలేదు. తల్లి కోసం పొద్దుగూకేదాకా కాపలా కాసి, నా చాయ్‌పత్తా అయిపోయాక వెళ్ళారు.

అసలు కష్టం తర్వాత వచ్చింది. ఆ బోను వల్ల కాలనీ అంతా తెలిసి, మర్నాడు ఎవరో ఒకాయన వచ్చాడు. దీన్ని కాల్చి మందు చేస్తే దమ్ము రోగం పోతుందట. "అమ్ముండ్రి, సగం మందు మీ అత్తకే ఇస్త" అన్నాడు. మా అత్తకు ఏళ్ల తరబడి దమ్ము. వానాకాలమంతా కూర్చునే తెల్లవారుస్తుంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

ఆమె గోడ పట్టుకుని లేచింది. "నా దమ్ము కోసం దాని దమ్ము తీస్తవా? నడువ్ బయటికి!" అంది. ఆ మాటకే ఆయాసం వచ్చి కూలబడింది. అయినా అతడు గల్లీ దాటేదాకా చూపు తిప్పలేదు.

సారూ, అప్పటి నుంచి దాన్ని మా అత్తే దాచి కాస్తోంది. ఆమె మీద కేసు పెడతారా?

భయంతో,
ఫక్రున్నీసా

తా.క.: బుట్ట ఇప్పుడు వంటింట్లోనే ఉంది. దాన్ని పంది అన్నవాళ్ళకే లోపలికి ప్రవేశం లేదు.

* * *

ఫక్రున్నీసమ్మకు నమస్తే.

ముళ్ళపంది అనగానే నా మట్టిబుర్రకు జానెడు ముళ్ళుండే పెద్ద ఏదుపందే తోచింది. చట్టం సూటిగా చెబుతాను. అడవి జీవి సర్కారుది. పెంచకూడదు, అమ్మకూడదు, చంపకూడదు. గాయపడ్డది దొరికితే మాకు చెప్పాలి. పట్టుబడ్డాక ఉత్తరాలు రాసినవాళ్ళనే నా ఉద్యోగమంతా చూశాను. ముందే రాసింది మీరొక్కరే. ఇక మీ అత్తగారి మీద కేసేమిటమ్మా? ఆమె అన్న మాట మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. కాలు నయమయ్యేదాకా ఉంచండి. ఆదివారం నేనే వచ్చి విడిచిపెడతాను.

మీ అన్న అనుకోండి,
లింగమూర్తి

తా.క.: బోను తేను.

* * *

లింగమూర్తి అన్నకు,

ఆదివారం తప్పకుండా రండి. కానీ విడిచిపెట్టడానికి ఏమీ లేదు.

నిన్న సాయంత్రం మిషన్ మీద నుంచి లేచి చూస్తే అత్త లేదు, బుట్టా లేదు. గల్లీ మలుపు దాకా నడవలేని మనిషి! మక్సూద్, నేను ఉరికాం. గని మట్టి పోసిన గుట్ట కింద తుమ్మపొదల దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ బుట్ట.

"ఎందుకు గిట్ల చేసినవ్ అమ్మీ? సారు వస్తనన్నడు గద!" అన్నాడు మక్సూద్.

"సర్కారుదని ఆయనే రాసిండు గద. సర్కారు కాలు మంచిగైంది. సర్కారును ఇంటికి పంపిన."

మక్సూద్ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. "పోయేటప్పుడు వెనక్కి తిరిగి చూసిందా?" అని అడిగాను.

"చూడలే. ఎంత మంచిగ ఉరికిందో!" అంది. ఆమె మొహంలో అంత సంతోషం నేను ఈ ఇంటికి వచ్చాక చూడలేదు.

ఆదివారం పగటి అన్నానికి మీ కోసం ఎదురుచూసే చెల్లెలు,
ఫక్రున్నీసా

తా.క.: ఇంటికి వచ్చేదాకా ఆగి ఆగి ఆయాసపడుతూనే ఎదురైనవాళ్లందరికీ అత్త చట్టం చెప్పింది. సారవ్వ అప్పటి నుంచి తన కోళ్ళను పెంచుకోవచ్చా లేదా అని ఫికర్ పడుతోంది. వచ్చినప్పుడు కాస్త చెప్పిపోండి.