సిగ్నల్ దగ్గర వేడెక్కే బండి

దోహా, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్
జూలై 5

ప్రియమైన అత్తయ్యగారికి,

రిచర్డ్ వందనాలు. మేమిద్దరం క్షేమం. ప్రవల్లికకు ఏడో నెల నడుస్తోంది. నడుము నొప్పి తప్ప ఇబ్బందేమీ లేదని డాక్టరు చెప్పారు. ఇక రాయబోయేది ఫోనులో చెప్పవలసిన సంగతే. కానీ మాకున్నది విల్లాలో ఒక్క గది; ఎంత మెల్లగా మాట్లాడినా ఆమెకు వినబడుతుంది. అందుకే ఆఫీసులో కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

కిందటి నెల ఊరికి వెళ్లిపోతున్న హుస్సేన్ అనే ఆయన దగ్గర పాత కారు కొన్నాను. ముందు ఎవరికైనా చూపిద్దామని ప్రవల్లిక అంది. ఇంజను కొత్తదానిలా ఉంది, నాకు తెలియదా అన్నాను. నిజానికి నాకు తెలిసింది దాని రంగు ఒక్కటే. మొన్న మదీనత్ అల్ షమాల్ దాకా వంద స్పీడులో వెళ్లాం, బండి చల్లగా ఉంది. డి రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం వేడి చూపే ముల్లు పైకి పాకుతుంది. కదిలితే దిగుతుంది. నిన్న ముల్లు ఎర్ర గీతను తాకబోతే, కొత్తిమీర కావాలని అబద్ధమాడి, ఎదురుగా ఉన్న సూపర్ మార్కెట్లోకి తిప్పి అరగంట ఆపేశాను. ఇంట్లో ఇప్పటికి నాలుగు కట్టల కొత్తిమీర ఉంది.

కాన్పుకు ఆసుపత్రికి వెళ్లాలంటే పద్నాలుగు సిగ్నళ్లు దాటాలి. మధ్యలో బండి ఆగిపోతే నా గతేమిటి? మామయ్యగారి షెడ్డులో ముప్పై ఏళ్లు మసిలినవారు, మీకు తెలియని ఇంజను జబ్బు ఉండదు. ఉపాయం చెప్పండి. ప్రవల్లికకు మాత్రం తెలియనివ్వకండి.

మీ అల్లుడు,
రిచర్డ్


గుడివాడ
జూలై 7

ప్రియమైన రిచర్డ్ బాబుకు,

అత్తయ్య దీవెనలు. మీ మామయ్య పోయి నాలుగేళ్లు, షెడ్డు అమ్మేసి మూడేళ్లు. ఇన్నాళ్లకు ఇంజను గురించి ఒకరు అడిగారు.

పరుగులో చల్లగా ఉండి, ఆగితే వేడెక్కుతోందంటే పెద్ద జబ్బు కాకపోవచ్చు. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో గీత దాకా ఉందో లేదో చూడండి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, ముఖం కాలుతుంది. తర్వాత ఏసీ వేసి, బండిని పది నిమిషాలు నిలబెట్టే ఉంచి, ఫ్యాన్ తిరుగుతోందేమో చూసి రాయండి. ఈలోగా ముల్లు లేస్తే ఏసీ ఆపి హీటర్ పూర్తిగా పెట్టండి. ఇంజను వేడిని అది కొంత బయటికి లాగేస్తుంది.

కొత్తిమీర వాడిపోకముందే పచ్చడి చేసుకోండి.

ఆశీస్సులతో,
సౌభాగ్యమ్మ


దోహా
జూలై 12

ప్రియమైన అత్తయ్యగారికి,

మీరు చెప్పినవన్నీ చేశాను. బోనెట్ ఎత్తే మీట అనుకుని రెండుసార్లు పెట్రోలు మూత తెరిచాను. చివరికి పక్క గదిలో ఉండే దానియాల్ వచ్చి ఎత్తాడు. కూలెంట్ గీత దాకా ఉంది. ఇక ఫ్యాన్ అంటారా, బ్రహ్మాండంగా తిరుగుతోంది. దానికి బోనెట్ ఎత్తనక్కర్లేకుండా సీట్లో కూర్చునే చూశాను. మొత్తం నాలుగు స్పీడులు. నాలుగులో పెడితే జుట్టు ఎగిరిపోతోంది.

హీటర్ సంగతి కూడా రాయాలి. గురువారం మా మేనేజర్ రయీస్ గారు మదీనత్ ఖలీఫాలో దింపమన్నారు. బయట నలభై ఆరు డిగ్రీలు. మూడో సిగ్నల్ దగ్గర ముల్లు లేచింది. ఏసీ ఆపి హీటర్ పెట్టాను. ఆయన ముందు టై వదులు చేసుకున్నారు, తర్వాత రెండు బొత్తాలు విప్పుకున్నారు. కాసేపటికి, "రిచర్డ్ భాయ్, ఏసీ మాఫీ?" అని, అంటే ఏసీ లేదా అని, అడిగారు. ఏసీ ఉంది సార్, ఇది వైద్యం అన్నాను. ఇంకా రెండు కిలోమీటర్లు ఉండగానే దిగి టాక్సీ పిలుచుకున్నారు. ఈ వారమంతా నేను హీటర్ ఆపకుండానే తిరుగుతున్నాను. తడిసిన చొక్కా చూసి ప్రవల్లిక ఏమైందని అడిగితే, ఆఫీసు లిఫ్టు చెడిపోయింది, మెట్లెక్కానన్నాను. మా ఆఫీసు ఉన్నది కింది అంతస్తులోనే. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా పాపం ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది.

మీ అల్లుడు,
రిచర్డ్


గుడివాడ
జూలై 14

ప్రియమైన రిచర్డ్ బాబుకు,

మీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వవలసి వచ్చింది. మీరు చూసింది మీ ముఖానికి గాలి కొట్టే ఫ్యాన్. నేను అడిగింది ఇంజనుకు గాలి కొట్టే ఫ్యాన్. బోనెట్ ఎత్తితే ముందువైపున, రేడియేటర్ వెనక ఉంటుంది. ఇంజను నడుస్తుండగా దూరం నుంచి చూడండి, చెయ్యి పెట్టవద్దు. ఉన్నట్టుండి తిరగవచ్చు.

తిరగకపోతే ఇంజను ఆపి, పక్కన ఉన్న నల్ల పెట్టె తెరవండి. ఏది ఏదో మూత లోపల బొమ్మ వేసి ఉంటుంది. ముందు ఫ్యాన్ ఫ్యూజు చూడండి. అది బాగుంటే, చిన్న డబ్బీల్లా ఉండేవి రిలేలు. ఫ్యాన్‌కు కరెంటు వదిలేది అందులో ఒకటి. మీ బండిలో హారన్ రిలే, ఫ్యాన్ రిలే ఒకేలాంటివి. ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగితే జబ్బు దొరికినట్టే. కొత్త రిలే వేసేదాకా హారన్ మాత్రం ఉండదు.

ఆశీస్సులతో,
సౌభాగ్యమ్మ


దోహా
జూలై 21

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ చేతికి దండం పెట్టాలి. నిజంగానే ఆ ఫ్యాన్ కదలడం లేదు. రిలే మార్చగానే గిర్రున తిరిగింది. మా బండి ఏ కంపెనీదో నేను రాయనేలేదు. అయినా అందులో ఆ రెండు రిలేలూ ఒకటేనని మీకు తెలిసింది. అనుభవం అంటే అదీ.

సోమవారం మధ్యాహ్నం ప్రవల్లికకు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. బండిలో కూర్చోబెట్టి బయలుదేరితే దారిలో రోడ్డు పనులు. నలభై నిమిషాలు అంగుళం అంగుళం కదిలాం. ఆమె నా చెయ్యి పట్టుకుని ఉంది, నేను ముల్లు చూస్తున్నాను. అది సగం దగ్గరే కూర్చుంది, కదల్లేదు. కొత్త రిలే ఇంకా కొనలేదు, హారన్ లేదు. అద్దం దించి యల్లా యల్లా, కదలండి కదలండి అని అరుస్తూ వెళ్లాను. డాక్టరు చూసి, ఇవి కాన్పు నొప్పులు కావు, విశ్రాంతి తీసుకుంటే చాలన్నారు.

ఆ సంతోషంలో, తిరిగి వచ్చేటప్పుడు, బండి రోగం ఎలా కనిపెట్టానో ఆమెకు చెప్పాను. రిలే అంటే ఏమిటో మూడు సిగ్నళ్లపాటు వివరించాను. చెంపకు చెయ్యి ఆనించుకుని శ్రద్ధగా విన్నది. మీ పేరు చెప్పలేదు, క్షమించాలి. మన మధ్యే ఉండనివ్వండి.

మీ అల్లుడు,
రిచర్డ్


గుడివాడ
జూలై 23

ప్రియమైన రిచర్డ్ బాబుకు,

నేను షెడ్డుకు ముప్పై ఏళ్లు వెళ్లిన మాట నిజమే, క్యారేజీ పట్టుకుని. రేడియేటర్ అనేది బండికి ముందుంటుందని నాకు ఈ నెలలోనే తెలిసింది. మీ మొదటి ఉత్తరం ఒక్క ముక్క అర్థం కాక అమ్మాయికే పంపాను. అప్పటినుంచి జవాబులన్నీ ప్రవల్లిక రాసినవే. మీరు డ్యూటీకి వెళ్లాక మంచం మీద కూర్చుని రాసి నాకు పంపేది, నేను నా చేతిరాతలో దించి మీకు పంపేదాన్ని. దీవెనలు, సంతకం మాత్రం నావి.

ఇంటర్ అయ్యేదాకా అది కాలేజీ నుంచి సరాసరి వాళ్ల నాన్న షెడ్డుకే వెళ్లి పని నేర్చుకునేది. పెళ్లయిన కొత్తలో ఆ మాట చెబితే మీరు నవ్వారట. మీకు గుర్తుండదు, దానికి గుర్తుంది. ఒకే గదిలో ఉంటూ ఈ ఉత్తరాలేమిటే, నువ్వే చెప్పేయవచ్చు కదా అని అడిగాను. "ఆయన నన్ను అడగలేదమ్మా" అంది.

హీటర్ వైద్యం నిజమైనదే. ముల్లు దిగగానే ఆపేయాలన్న ముక్క మాత్రం కావాలనే రాయలేదు. తన మాట వినకుండా కారు కొన్నారన్న కోపం. దాని తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను.

కానీ బాబూ, మీ ఉత్తరం వచ్చిందా అని ఈ మూడు వారాలు రోజూ అడిగింది. వాళ్ల నాన్న పోయాక దాని మాటలో ఇంత హుషారు నేను వినలేదు. మీ రిలే పాఠం విన్న మర్నాడు నాకు మూడు పేజీలు రాసింది. చదివాక ఇక దాచడం న్యాయం కాదనిపించింది. ఈ ఉత్తరం ఒక్కటీ పూర్తిగా నాది. దానికి తెలియదు.

ఆశీస్సులతో,
సౌభాగ్యమ్మ


దోహా
జూలై 26

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరాన్ని ఆఫీసులో మూడుసార్లు చదివాను. ఇంటి నుంచి చెడు వార్తా అని రయీస్ గారు అడిగారు. కాదు సార్, నిజం అన్నాను.

ఇంటికి వెళ్లేసరికి ప్రవల్లిక బట్టలు మడతపెడుతోంది. దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "బ్రేకు వేస్తే ఎడమ చక్రం దగ్గర కీచుమంటోంది. ఎందుకో కాస్త చూస్తావా?" అన్నాను.

చేతిలో తువాలుతోనే నావైపు తిరిగింది. "అమ్మ చెప్పేసిందా?" అంది. చెప్పిందన్నాను. అప్పట్లో నవ్వినందుకు తప్పయిందన్నాను. ఆమె తువాలు మడిచి పక్కన పెట్టి, కుర్చీ బయట వేయమంది.

విల్లా ముందు గోడ నీడలో కూర్చుని ఆమె చెబుతుంటే నేను చక్రం విప్పాను. మొదటి నట్టు తప్పువైపు తిప్పాను. బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయట. వీటి గురించి హుస్సేన్ ఏమన్నాడని అడిగింది. నేను అడగలేదన్నాను. ఆమె తల ఊపింది, అంతే. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఇంతలో దానియాల్ వచ్చి, తన బండి స్టార్టు కావడం లేదు, ఏమై ఉంటుందని నన్ను అడిగాడు. నన్నెందుకు అడుగుతావు, మెకానిక్ అక్కడ కూర్చుంది అని చూపించాను. ప్రవల్లిక కుర్చీని కొంచెం అతని బండి వైపు జరుపుకుంది.

మీ అల్లుడు, మీ అమ్మాయి హెల్పర్,
రిచర్డ్