తగరం చక్రం వెనక అంకె

చిరంజీవి చిన్నితల్లిని అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలినొప్పి తగ్గింది.

నువ్వు రత్నాలు సానపట్టే యంత్రం కొన్నావని చదివి కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నాను. పదకొండేళ్ల తరువాత! ఏ చక్రాలు కొనాలని అడిగావు. మొదట నాలుగు చాలు. రాయిని ఆకారానికి తేవడానికి వజ్రపు పొడి అతికించిన ఉక్కు చక్రాలు రెండు, ఒకటి గరుకుది, ఒకటి సన్నది. గరుకుదానితో ఆత్రపడకు, అంచులు పెచ్చులూడతాయి. తరువాత రాగి చక్రం, దాని మీద మూడువేల నంబరు పొడి. చివరి మెరుపుకి తగరం చక్రం, యాభైవేల నంబరు పొడి. నంబరు పెరిగేకొద్దీ పొడి మెత్తన. నీలానికీ స్ఫటికానికీ ఒకటే సెట్టు సరిపోతుందా అన్నావు. కోతకు సరిపోతుంది. మెరుగుకు మాత్రం స్ఫటికానికి పొడీ వేరే, చక్రమూ వేరే. ఒక చక్రానికి ఒకే పొడి. గరుకు రవ్వ మెరుగుచక్రంలో దిగబడిందా, ఇక రాయి గతి అంతే.

ఇంతవరకు రాసి నిన్న కలం పక్కన పెట్టేశాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి రాలేదు.

నీకు పంపుదామని పాత తగరం చక్రం అటక మీంచి దింపాను. పదకొండేళ్ల కిందట నీ చేతిలో నగల వ్యాపారి నీలం రాయి పాడైన రోజు గుడ్డలో చుట్టి పడేసిందే. చదును చేయించడానికి లేత్ మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన వెనక్కి తిప్పి చూసి, "ఏంటమ్మా, మెరుగుచక్రానికి మూడువేల పొడి పట్టించారు?" అన్నాడు.

"యాభైవేలయ్యా, సరిగ్గా చూడు."

"నాకు చదవడం వచ్చమ్మా. మీరే చూసుకోండి."

పొడి పట్టించినప్పుడల్లా వెనక మేకుతో నంబరు గీకే అలవాటు నాదే కదా. ఆ మూడు, దాని వంకర తోక, నా చేతిరాత. ఆ పొద్దున పట్టించింది నేనే. మేస్త్రీ స్టూలు లాగి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

తల్లీ, ఆ రోజు నువ్వు చెప్పావు. "అమ్మా, చక్రం గరగరమంటోంది, ఒక్కసారి చూడవా" అన్నావు. పదిహేడేళ్ల పిల్లవి. "నీకు చేతకాక నెపం చక్రం మీద పెడుతున్నావా?" అన్నాను. రాయి మీద గీతలు తేలాక నగల వ్యాపారి ముందే, "దీని చేతులు ఈ పనికి పనికిరావు" అన్నాను. నువ్వు ఏప్రాన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయావు. నేను పిలవలేదు.

లేత్ షాపు నుంచి నేరుగా ఆ వ్యాపారి దగ్గరకు వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన, "నాకెందుకమ్మా చెప్తారు? ఆ పిల్లకి చెప్పండి" అన్నాడు. నాన్నకు చెబితే కంచం ముందు నుంచి లేచిపోయారు. పైన కులాసా అని రాశానే, మూడు రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు.

పాత చక్రం పంపడం లేదు. కొత్తది, ఏ పొడీ పట్టించనిది పంపుతున్నాను. నీ చేత్తోనే పట్టించుకో. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. జవాబు రాయాలనిపించకపోతే రాయకు. నువ్వు చేసిన మొదటి రాయి మాత్రం నాన్నకు పంపు. ఆయన చూపిస్తే చూస్తాను.

ఇట్లు,
ఆ రోజు నీ మాట చెవిన పెట్టని
మీ అమ్మ